గుడ్లు లేని కాస్టెల్లా

"గుడ్లు దొరక్కపోతే ఇంకేదైనా వేసి చెయ్యి," అన్నాడు చాంగ్‌హో, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఖాళీ సంచితో గుమ్మంలో నిలబడ్డ హేసున్ చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది. ఇంకేదైనా! మగాడి నోట్లోంచి ఊడిపడే మాటల్లో ఇంత తేలికైనది మరొకటి ఉండదు. అనేవాడికి అది గాలి. వినేదానికి మళ్ళీ నాలుగు దుకాణాలు, రెండు బస్సులు, ఒక వంటిల్లు. ఈ ఇంటికి వచ్చిన ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విందో ఆమెకే తెలీదు. కూరకి చేప రాకపోతే ఇంకేదైనా చెయ్యి. కమలాలు కొయ్యడానికి కూలీలు రాకపోతే ఇంకెవరైనా కోస్తార్లే. ఆ ఇంకెవరైనా ఎప్పుడూ హేసునే. తోట చాంగ్‌హోది, పేరు చాంగ్‌హోది, వేళ్ళ సందుల్లో కమలా ముళ్ళు దిగేది మాత్రం ఆమెకి.

"ఏవండీ, కాస్టెల్లా అంటేనే గుడ్లు. గుడ్లు, పంచదార, కాస్త పిండి. గుడ్లు తీసేస్తే మిగిలేది తియ్యటి గాలి."

"అయితే గాలే చెయ్యి. ఎల్లుండి మా నాన్న బల్ల మీద కాస్టెల్లా ఉండాలి, అంతే."

ఎల్లుండి చాంద్రమాన సంవత్సరాది. తెల్లవారేసరికి పెద్దలకి పెట్టాలి. ఆ చలికాలం కోళ్ళకి మాయరోగం తగిలి, సముద్రం అవతల కొరియా ఒడ్డున కోట్ల కోళ్ళని గోతుల్లో పూడ్చేశారు. జేజు దీవికి పడవల్లో రావలసిన గుడ్లు రావడం మానేశాయి. మొదట్లో దుకాణంలో "మనిషికి ఒక అట్ట మాత్రమే" అని కాగితం అంటించారు. ఇప్పుడు కాగితం ఉంది, అట్టలు లేవు. పక్కింటి చున్జా పెరట్లో రెండు కోళ్ళుండేవి. తెల్లబట్టల సర్కారు వాళ్ళు వచ్చి వాటినీ పట్టుకుపోయారు. "నా మొగుణ్ణి పట్టుకుపోయినా ఇంత ఏడ్చేదాన్ని కాదే," అని చున్జా ముక్కు చీదుకుంది. హేసున్ ఫ్రిజ్‌లో ఉన్నవి మూడంటే మూడు గుడ్లు. మావగారికి పెట్టే ఎత్తు కాస్టెల్లాకి పదిహేను కావాలి.

మావగారికి ఆ పసుపుపచ్చ గుడ్డు కేకంటే ప్రాణం. పోయేముందు నెలరోజులూ ఆయన గొంతు దిగింది అదొక్కటే. అందుకని ఏడాదికి ఎనిమిది తద్దినాలు, రెండు పండగలు, అన్నింటికీ బల్ల మీద చేపల పక్కన, పంది మాంసం పుల్లల పక్కన కాస్టెల్లా ఉంటుంది. ఈ దీవిలో సగం ఇళ్ళలో ఉండేదే, ఎవరూ నవ్వరు. కాకపోతే అందరూ కొనుక్కొచ్చి పెడతారు, ఈ ఇంట్లో అది కుదరదు. వాకిలికి అవతలి వైపు ఇంట్లో వేరే వంటిల్లు పెట్టుకుని, వేరే అన్నం వండుకుని, తీర్పులు మాత్రం ఈ వంటింట్లో చెప్పే అత్తగారు ఉంది. "కొన్న రొట్టె పెడితే చచ్చినవాళ్ళకి ముష్టి వేసినట్టే. పెద్ద కోడలి చెయ్యి పడాలి. చెయ్యి లేనిదానివైతే చెప్పు, ఊళ్ళో ఇంకెవరి చెయ్యైనా అరువు తెచ్చుకుంటా," అని మావగారు పోయిన మొదటి ఏడాదే అనేసింది. దాంతో చాంగ్‌హో ఒక ఓవెన్ కొని తెచ్చాడు. పుట్టినరోజుకి కొన్నానని ఇప్పటికీ పదిమందిలో చెప్పుకుంటాడు. ఆ ఓవెన్‌లో ఇంతవరకూ బతికున్నవాళ్ళ కోసం ఏదీ కాలలేదు.

ఇవన్నీ అలవాటైన బాధలే. పది రోజులుగా హేసున్‌ని తొలిచేస్తున్నది ఇది కాదు. అది వాళ్ళమ్మ.

వాళ్ళమ్మ మునకల మనిషి. ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి దిగి, గుల్లలూ నాచూ ఏరుకొచ్చి బతికింది. మొగుడు పడవతో పాటే పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు. కొడుకు లేనివాళ్ళకి చచ్చాక గుప్పెడు అన్నం పెట్టేవాడుండడని, మొగుడి అన్నగారి రెండో కొడుకు సంగ్‌పిల్‌ని కాగితాల మీద కొడుగ్గా తెచ్చుకుని, తద్దినాలు పెట్టమని తనకున్న ఒక్క చేను చెక్కా వాడికి రాసిచ్చింది. పోయి మూడేళ్ళయింది. రెండేళ్ళు వాడు పెట్టాడు. పది రోజుల కింద పూసాన్ నుంచి ఫోను చేశాడు. "అక్కా, మీ మరదలూ నేనూ చర్చిలో చేరాం. ఇకనుంచి బల్ల పెట్టం, వంగం. పిన్ని కోసం ప్రార్థన చేస్తాంలే, నువ్వేం బెంగపెట్టుకోకు," అన్నాడు. చేను ఎప్పుడో అమ్ముకున్నాడు. వాడి నమ్మకం వాడిది, తప్పుపట్టడానికి హేసున్‌కి నోరు రాలేదు. కానీ వాళ్ళమ్మకి ప్రార్థనలు తెలీవు. ఆవిడకి తెలిసింది అన్నం.

ఫోను వచ్చిన ఆ సాయంత్రమే మొగుణ్ణి అడిగింది. ఒక్క గిన్నెడు అన్నం, ఒక్క గిన్నెడు చారు. పెద్ద బల్ల మీద కూడా కాదు, ఓ మూల చిన్న పీట మీద.

"పిచ్చా నీకు? రెండు ఇంటిపేర్ల దయ్యాలు ఒక గదిలో కొట్టుకు చస్తాయి," అన్నాడు చాంగ్‌హో.

"మా అమ్మ ఎవరితోనూ కొట్టుకోలేదండీ, బతికున్నప్పుడే."

"సోయన్ అమ్మా, ఇది నా చేతుల్లో లేదు. అమ్మని అడుగు," అన్నాడు, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలిచి.

అడిగింది. అత్తగారు ముల్లంగి తరుగుతూ, కత్తి ఆపకుండా చెప్పింది. "పెళ్ళికూతురు గడప దాటేటప్పుడు వెనక్కి చూడకూడదని మీ వాళ్ళు నేర్పలేదా? నేను చూళ్ళేదు. మా అమ్మకి ఎవరు పెడుతున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. నేనేమన్నా చచ్చానా?"

ఆ మాట విన్నప్పుడు హేసున్‌కి కోపం రాలేదు. భయం వేసింది. ఈవిడకీ ఒక అమ్మ ఉండేది. ఆ అమ్మ ఎక్కడో యాభై ఏళ్ళుగా ఆకలితో తిరుగుతోంది. ఆవిడ కూతురు ఇక్కడ ముల్లంగి తరుగుతోంది. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే తనూ ఇలాగే తరుగుతుంది, ఇలాగే చెబుతుంది.

*

మర్నాడు పొద్దున్నే కూతురికి ఫోను చేసింది. సోయన్ దేగూలో చదువుకుంటోంది. విమానం టికెట్లు దొరకలేదని పండక్కి రానంది. దొరకలేదో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నూనె ముందు కూర్చుని అట్లు వేయించడం ఇష్టం లేదో, హేసున్ గుచ్చి అడగలేదు. లోలోపల సంతోషించింది కూడా.

"గుడ్డుకి బదులు సగం అరటిపండు వెయ్యొచ్చటమ్మా. లేకపోతే పెరుగు. సోయా పాల పనీరు కూడా వేస్తారట."

"తాతయ్యకి తెలిసిపోదూ?"

"అమ్మా! తాతయ్య పోయి పదకొండేళ్ళయింది. ఆయన నాలుక ఇంకా అంత చురుగ్గా ఉందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సోయన్ గొంతు తగ్గించి, "మరి అమ్మమ్మకి ఎవరు పెడుతున్నారు ఈ ఏడు?" అంది. హేసున్ పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి ఫోను పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

అరటిపండూ పెరుగూ వేసి కాల్చిన మొదటిది గోధుమరంగులో, వానకి తడిసి ఎండిన చెప్పులా బయటికొచ్చింది. చాంగ్‌హో అంచు విరుచుకుని నమిలి, "రుచి బాగానే ఉంది గాని, బల్లకెక్కేది కాదు. నాన్నకి తలవంపులు," అన్నాడు. తలవంపులంటూనే సగం తినేసి కమలాల పెట్టెలు కట్టడానికి పోయాడు. రెండోదానికి ఉన్న మూడు గుడ్లూ పణం పెట్టింది. తెల్లసొన విడదీసి, మోచెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టి, వంటసోడా వేసి, ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. పొంగింది. అంచుదాకా వచ్చింది. హేసున్ గుండె కూడా పొంగింది. తీసి బల్ల మీద పెట్టగానే, ముసలాయన కుర్చీలో కూలబడ్డట్టు, ఉస్సురంటూ నడుం దగ్గర విరిగిపోయింది.

గుడ్లు అయిపోయాయి. ఇక ఇంట్లో ఒక్కటి లేదు. ఊళ్ళో లేదు. దీవిలో లేదు.

హేసున్ వంటింటి నేల మీద చతికిలబడింది. ఇంకా నలభై అట్లు వెయ్యాలి, అడవి కూర నానబెట్టింది నానబెట్టినట్టే ఉంది, చేపకి ఉప్పు పట్టించాలి. లేవలేకపోయింది. తను ఏం చేస్తోందో అప్పుడు తెలిసింది ఆమెకి. చచ్చిపోయిన మావగారికి గుడ్డు కేకు లేదని మూడు రోజులుగా చలిలో ఊరంతా తిరిగాను. నాలుగు దుకాణాల్లో బతిమాలాను. చున్జా పెరట్లో ఖాళీ కోళ్ళ గూడు కూడా వెతికాను. కన్నతల్లికి గుప్పెడు అన్నం లేదని మాత్రం ఒక్కసారి అడిగి, కాదంటే నోరు మూసుకుని ముల్లంగి ముక్కలు ఏరాను. నన్ను కన్నందుకు మా అమ్మకి దక్కింది ఇదా? చలికాలం పూట ఒంటి మీద పల్చటి బట్టతో సముద్రంలో దిగి, పెదాలు నల్లబడి పైకొచ్చి, ఆ గుల్లలమ్మి నాకు పుస్తకాలు కొన్నదే, ఆ మనిషి ఈ పండక్కి ఎవరి గుమ్మం ముందు నిలబడుతుంది? ఏ ఇంటివాళ్ళు పొమ్మంటారు? చచ్చినవాళ్ళకి సిగ్గుంటుందా? మా అమ్మకి ఉంటుంది. అడుక్కోవడం రాదు ఆవిడకి.

ఏడుపు వచ్చింది, కానీ ఎదురుగా అరమరలో చాంగ్‌హో తాగే బియ్యపు కల్లు సీసా కనపడింది. తెల్లగా, అడుక్కి మడ్డి దిగి.

వాళ్ళమ్మ రొట్టె చేసేది. ఈ రాళ్ళ నేలలో వరి పండదు కాబట్టి తద్దినాలకి బియ్యపు పిండి ఉండేది కాదు. బార్లీ పిండీ గోధుమ పిండీ కలిపి, పులిసిన కల్లు పోసి తడిపి, కింద మంట పెట్టి వెచ్చబెట్టిన నేల మీద బొంత కప్పి పడుకోబెట్టేది. పిండి పసిపిల్లలా నిద్రపోయి లేచేది. అమ్మ బతుకంతా అంతే, ఏది లేకపోతే దాని బదులు మరొకటి. బియ్యం లేకపోతే బార్లీ. ఈస్టు లేకపోతే కల్లు. మొగుడు లేకపోతే సముద్రం. ఒక్క కొడుకు బదులు మాత్రం ఏమీ వెయ్యలేకపోయింది. చేతిలో కూతురుంది, నిండుగా, బతికి. అది చెల్లదంది ఊరు.

హేసున్ లేచింది. సీసా దించి గట్టిగా ఊపింది.

రంగు కోసం ఎండు గంధరాజం కాయలు నలగ్గొట్టి వేణ్ణీళ్ళలో వేసింది. అట్లకి పచ్చదనం రావడానికి ఎలాగూ ఇంట్లో ఉంటాయవి. నీళ్ళు క్షణంలో గుడ్డుసొన రంగుకి తిరిగాయి. గోధుమ పిండి, గుప్పెడు బార్లీ పిండి, పంచదార, చిటికెడు ఉప్పు, పచ్చ నీళ్ళు, కల్లు. చెయ్యి లోపలికి పోయేసరికి దానికే తెలిసింది ఎంత జారుగా ఉండాలో. ఎప్పుడూ ఎవరూ నేర్పలేదు. చూసిందంతే. కొలతలు మోచేతుల్లోనే ఉన్నాయి.

మధ్యాహ్నం అత్తగారు తీర్పు చెప్పడానికి వచ్చింది. గదిలో వెచ్చటి మూల, ఎత్తుగా ఉన్న బొంత చూసి ఆగింది.

"ఏమే, ఆ బొంత కింద ఎవరు? ఎవర్నన్నా దాచావా?"

అవును అత్తమ్మా, ఒక ముసలావిణ్ణి దాచాను అనబోయి, నాలుక కరుచుకుంది హేసున్.

"పిండి అత్తమ్మా. కాస్టెల్లాకి."

"కాస్టెల్లా పిండికి నిద్రేంటే? ఎన్నడూ చూళ్ళేదు. గుడ్లు దొరికాయా?"

"సర్దుకున్నాను."

"సర్దుకుంటే సరే. పరువు తీయకు. ఎల్లకాలం నీ మీద చాడీలు చెప్పడానికి నాకూ ఓపిక లేదు," అని వెళ్ళిపోయింది ఆవిడ. అది ఆవిడ వేళాకోళం. అత్తాకోడళ్ళ మధ్య ఇరవై నాలుగేళ్ళకి మిగిలిన సరసం అంతే.

పొద్దు వాలేసరికి పిండి బొంతని ఎత్తింది. ఎత్తు డబ్బాలో పోసి ఓవెన్‌లో పెట్టింది. పెట్టిన కాసేపటికి వాసన మొదలైంది. ఇది గుడ్డు వాసన కాదు. పుల్లగా, తియ్యగా, తడి బార్లీ, ఉప్పుగాలి, ఎండేసిన మునక బట్టలు, అన్నీ కలిసిన వాసన. చచ్చినవాళ్ళు బల్ల దగ్గరికి వచ్చేది వాసన పట్టుకునే అంటారు. బల్ల మీద నిలబెట్టే, పోయినవాళ్ళ పేరు రాసిన కాగితం దారి చూపిస్తుంది, సరే. కానీ పేరు చదవడం రాని మనిషికి? మా అమ్మకి అక్షరం ముక్క రాదు. ఆవిడ వాసనే పట్టుకుంటుంది. ఎవరూ పిలవకపోయినా, ఇది నా రొట్టేనని వచ్చి మగవాళ్ళ వెనకాల నిలబడుతుంది. రానీ. మావగారి పేరు మీద పెట్టిన రొట్టె మా అమ్మ తింటుంది. ఎవరికీ తెలీదు.

ఆ ఆలోచనకి మనసు తేలికపడింది. మరుక్షణం సిగ్గేసింది. దొంగతిండి. జీవితంలో ఒకరి సొమ్ము ముట్టని మనిషికి కూతురు చూపిస్తున్న దారి దొంగతిండి. అయినా చెయ్యక ఏం చేస్తుంది? ఆకలి ముందు మర్యాద ఎంతసేపు నిలుస్తుంది?

రొట్టె బయటికొచ్చింది. పచ్చగా, ఎత్తుగా, నుదురు గోధుమరంగులో. కూలిపోలేదు.

*

సంవత్సరాది పొద్దున్నే చిన్నమావగారు ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఈ వంశానికి ఇప్పుడు పెద్ద ఆయనే. పేరు కాగితాలు ఆయనే రాస్తాడు. పెద్ద గదిలో తెల్ల కాగితం పరిచి, కుంచె తడుపుకుని, చీనా అక్షరాల్లో మగవాళ్ళకి ఫలానా అయ్యగారు అని, ఆడవాళ్ళకి ఫలానా ఇంటిపేరు గల ఇల్లాలు అని రాశాడు. ఆడవాళ్ళకి అంతవరకే. బతికున్నప్పుడు ఫలానావాడి అమ్మ, చచ్చాక ఫలానా ఇంటిపేరు.

హేసున్ వంటింట్లోంచి ఒక్కొక్క పళ్ళెం అందిస్తోంది. అందించడం గుమ్మం దాకానే. బల్ల మీద సర్దేది మగవాళ్ళు. చేప తల తూర్పుకుండాలా పడమరకుండాలా అని అన్నదమ్ములు ప్రతిసారీ కొట్టుకుంటారు, ఆ చేప పొలుసులు ఎవరు గీకారని మాత్రం ఎవరూ అడగరు. కాస్టెల్లా అందుకుంటూ చాంగ్‌హో కళ్ళెగరేశాడు. "చూశావా, ఇంకేదైనా వేసి చెయ్యమంటే వచ్చింది. ఊరికే గోలపెట్టావు," అన్నాడు.

పెద్దలు లోపలికి రావడానికి ముందు తలుపు తీశారు. మగవాళ్ళు వరసగా నిలబడి వంగారు. ఆడవాళ్ళు వంగరు ఈ ఇంట్లో, వంటింటి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు. హేసున్ నెమ్మదిగా వెనక్కి జరిగి, పెరటి తలుపు గడియ తీసింది. అమ్మ ముందు గుమ్మంలోంచి రాదు. ఆవిడకి తెలిసింది పెరటి దారే. రా అమ్మా. పచ్చగా ఉందని మోసపోకు, అది నీ రొట్టే. తొందరగా తినేసి వెళ్ళిపో.

సముద్రపు గాలి రివ్వుమని లోపలికి కొట్టింది. బల్ల మీద కొవ్వొత్తి ఒకటి ఆరిపోయింది.

"తలుపెవరు తీశారే! చలికి చంపుతారా ముసలిదాన్ని?" అత్తగారు రెండంగల్లో వచ్చి తలుపు దబ్బున వేసి గడియ పెట్టింది.

హేసున్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వచ్చిందా? వచ్చాకే పడిందా తలుపు? లేకపోతే మొహం మీద పడిందా? మగవాళ్ళు రెండోసారి వంగుతున్నారు. ఎవర్నడిగి తెలుసుకోవాలి? ఎవరు చెబుతారు? బతికినన్నాళ్ళూ ఈ వాకిట్లో కాలు పెట్టడానికి మొహమాటపడి, మనవరాలికి తెచ్చిన గుల్లలు గోడ మీద పెట్టి వెళ్ళిపోయిన మనిషి, చచ్చాక కూడా గోడ అవతలే నిలబడిపోయిందా?

పూజ అయింది. బల్ల చుట్టూ కూర్చుని అందరూ తినడం మొదలుపెట్టారు. చిన్నమావగారు కాస్టెల్లా కోసి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఇది కాస్టెల్లా కాదు."

చాంగ్‌హో హేసున్ వైపు చూసిన చూపుకి నీళ్ళ చెంబు చల్లబడింది. ముసలాయన ఇంకో ముక్క తీసుకున్నాడు, ఇంకొకటి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కల్లు రొట్టె రా ఇది! మా చిన్నప్పుడు తద్దినానికి చేసేవాళ్ళు. ఒక ముక్క కోసం మీ నాన్నా నేనూ జుట్లు పట్టుకునేవాళ్ళం. యాభై ఏళ్ళయింది నోట పడి. ఎవరు చేశారు దీన్ని?"

"నేనే చెప్పి చేయించా," అంది అత్తగారు, ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు. "గుడ్లు లేవని ఈ పిల్ల చేతులెత్తేసింది. మా అత్తగారు నాకు నేర్పిన పద్ధతి చెప్పాను. ఈ ఇంటి చెయ్యి ఇది, ఎక్కడికి పోతుంది?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ వియ్యపురాలి సొమ్ము, అదీ చచ్చిన వియ్యపురాలిది.

"భేష్ వదినా! ఇకనుంచి ప్రతి తద్దినానికీ ఇదే పెట్టండి. మా ఇంటికీ ఒకటి పంపించు. అమ్మాయ్, చేస్తావుగా? ఎనిమిదీ ఎనిమిదీ పదహారు, ఎంతలే!" అని చిన్నమావగారు నవ్వాడు. చాంగ్‌హో కూడా నవ్వాడు. "ఎంతలే బాబాయ్, ఓవెన్ ఉందిగా," అన్నాడు.

"అది మా అమ్మ రొట్టె, చిన్నమావయ్యా."

తన గొంతే అది అని హేసున్‌కి కాసేపటి దాకా నమ్మకం కలగలేదు.

"మీ అమ్మదా?" ముసలాయన ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "మీ అమ్మంటే... ఎవరు రా ఆవిడ, చాంగ్‌హో?"

"ఆ పడమటి ఊరు బాబాయ్. కాంగ్ ఇంటిపేరావిడ. మునకలేసేది."

"పేరేంటి? నాకు ఆ ఊళ్ళో కొందరు తెలుసులే."

చాంగ్‌హో మాంసం పుల్ల నోటి దగ్గర ఆపాడు. ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "పేరంటే... అత్తమ్మా అని పిలిచేవాణ్ణి. పేరుతో నాకేం పని పడింది?"

అందరూ పకపకా నవ్వారు. నవ్వని అత్తగారు, "పండగపూట పరాయి దయ్యాల సంగతెందుకు? చారు తీసుకురా," అంది.

హేసున్ చారు తెచ్చింది. అంతవరకూ ఏదో ఒకటి అడ్డు పెట్టుకుని బతికింది ఆమె. అమ్మ రాకపోయినా వాసనైనా తగిలి ఉంటుంది, పేరు చెప్పకపోయినా రొట్టైనా తిని ఉంటుంది అని. ఇప్పుడు ఆ రొట్టె కూడా వాళ్ళదైపోయింది. వచ్చే తద్దినానికి అది ఈ ఇంటి పద్ధతి. సోయన్‌కి పెళ్ళయ్యేనాటికి ఎప్పట్నుంచో ఉన్న ఆచారం. తన మోచేతుల్లో మిగిలిన అమ్మని తనే కాల్చి, కోసి, పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. దొంగచాటుగా పెట్టిన కూడు దొంగలకే పోయింది.

తిన్నాక అందరూ చిన్నమావగారింటికి బయల్దేరారు. అక్కడ రెండో బల్ల, అది అయ్యాక మూడో ఇల్లు. ప్రతి ఇంటి దగ్గరా మగవాళ్ళు వంగుతారు, ఆడవాళ్ళు గిన్నెలు కడుగుతారు. చాంగ్‌హో గేటు దగ్గర్నుంచి కేకేశాడు.

"సోయన్ అమ్మా! కదులు, పిన్ని ఒక్కతే ఉంది అక్కడ."

"మీరు పదండి. నాకు ఇక్కడ పెట్టుకోవలసింది ఉంది."

"ఏం పెట్టుకోవాలి ఇప్పుడు?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి అడుగుల చప్పుడు నల్లరాతి గోడ వెంబడి పోయింది.

హేసున్ కొత్త అన్నం వండింది. వాళ్ళ అన్నం మిగిలింది, అది కాదు. చిన్న పీట కడిగి తుడిచి, వంటింట్లో కాదు, పెద్ద గదిలో మగవాళ్ళ బల్ల ఉన్న చోటే వేసింది. అన్నం గిన్నె, చారు గిన్నె, ఒక చేప, మిగిలిన రొట్టె. చిన్నమావగారు వదిలి వెళ్ళిన కాగితం ఇంకో ముక్క ఉంది, కుంచె ఇంకా తడిగానే ఉంది. చీనా అక్షరాలు ఆమెకి రావు. బళ్ళో నేర్చుకున్న మామూలు అక్షరాల్లో, పెద్దగా, ఒక్కొక్కటీ నోటితో చదువుకుంటూ రాసింది. కాంగ్ మాన్‌హ్వా. ఇంటిపేరు గల ఇల్లాలు కాదు. పేరు. ఆ మనిషికి ఎవరో ఒకరు పెట్టిన, పిల్లలు పిలిచిన, సముద్రం మీద తోటివాళ్ళు కేకేసిన పేరు.

ముందు తలుపు బార్లా తెరిచింది. మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఎన్నిసార్లు వంగాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అందుకని లెక్కపెట్టకుండా వంగింది.

ఎంతసేపైందో తెలీదు. గుమ్మంలో నీడ పడింది. చాంగ్‌హో రొప్పుతున్నాడు.

"అక్కడ గిన్నెలు కొండలా పడున్నాయి, అమ్మ మండిపడుతోంది, నువ్వేమో ఇక్కడ..." పీట చూశాడు. అన్నం పొగలు చూశాడు. ముందుకి వంగి కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, ఒకసారి లోపల, ఒకసారి పైకి.

"కాంగ్ మాన్‌హ్వా? ఎవరే ఈవిడ?"

హేసున్ తలెత్తలేదు. నుదురు చేతుల మీద అలాగే ఆనించి, నెమ్మదిగా చెప్పింది.

"చెప్పులు విప్పి లోపలికి రండి. పరిచయం చేస్తాను."